బరువుంటేనే పలికే మోత

బండిలో మోత లేదు, మోత మీ నాన్నగారి చెవుల్లో ఉంది. వణుకు బండిది కాదు, క్లచ్చు మీద పెట్టే ఆయన కాలిది. సర్వీస్ సెంటర్ వాళ్ళు నా కొడుక్కి చెప్పిన మాట ఇది. నాకు చెప్పలేదు. నేను అక్కడే, అద్దాల గదిలో, కాగితపు కప్పులో చల్లారిన టీ పట్టుకుని కూర్చుని ఉన్నాను. నన్ను దాటుకుని వెళ్ళి, బయట నిలబడ్డ నా కొడుకుని పక్కకి పిలిచి మరీ చెప్పారు. వాడు నమ్మాడు. ఆ సాయంత్రమే గుమ్మం పక్క మేకుకి వేలాడే జీపు తాళం తీసి తన బీరువాలో పెట్టుకున్నాడు.

ఇది తెలుగులో రాస్తున్నాను కాబట్టి వాడు చదువుతాడన్న భయం లేదు. వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, అదీ సగం హిందీ కలిపి. అక్షరాలు కూడబలుక్కోమంటే ఒక పేజీ అయ్యేసరికి భోజనం వేళ దాటిపోతుంది.

నేను గూడ్సు గార్డుగా చేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు ఆ ఉద్యోగానికి పేరు మార్చి ట్రైన్ మేనేజరంటున్నారు. పేరు మారినా కూర్చునే చోటు అదే, రైలుకి తోక. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో పట్టాలు బాగుచేసే గ్యాంగు పనిలో చేరాడు. నేను ఖలాసీగా మొదలుపెట్టి, రూల్సు పుస్తకం ఎవరూ చెప్పకుండానే నాకు నేను చదువుకుని గార్డునయ్యాను. ఆ తర్వాత సర్వీసంతా బ్రేకువ్యానులో గడిచింది. ముందు బారెడు రైలు, దాని చివర నేనొక్కణ్ణి. చూడటానికి ఏమీ ఉండదు, వినడం తప్ప. కోర్బా నుంచి బొగ్గుతో వచ్చే రేకు, అంటే వ్యాగన్ల వరస, ఎలా పలుకుతుందో, అదే రేకు ఖాళీగా తిరిగి వెళ్ళేటప్పుడు ఎలా పలుకుతుందో ఇప్పటికీ నా ఒంట్లో ఉంది.

ఒకసారి మధ్యలో ఒక వ్యాగను చక్రం దగ్గర మూలుగు విని యార్డులో చెప్పాను. బొగ్గు దించేశాక, ఖాళీ వ్యాగనుని చూసి, "ఏమీ లేదు, గార్డు సాబ్‌కి నిద్ర చాల్లేదు" అన్నారు. మళ్ళీ లోడెక్కాక అదే వ్యాగను దారిలో ఇరుసు కాలి పొగలు కక్కింది. అప్పుడు నా దగ్గరికి వచ్చి మాట్లాడినవాడు లేడు. అన్నవాడి మొహం ఇంకా నాకు గుర్తే. వాడికి నా మొహం గుర్తుందో లేదో.

రిటైరయ్యాక ఈ జీపు కొన్నాను. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే బండి. ఇంత బండి ఎందుకని అందరూ అడిగారు. బతుకంతా బండికి చివర కూర్చున్నవాణ్ణి, ఒక్కసారి ముందు కూర్చుని నా చేత్తో నడపాలనుకున్నాను. అంతకన్నా పెద్ద కారణం లేదు. కారణం చిన్నదైనా పని పెద్దదే అయింది. ఏటా కార్తీక మాసంలో మా రైల్వే తెలుగు కుటుంబాలు ఖూటాఘాట్ డ్యామ్ దగ్గరికి వనభోజనాలకి వెళ్తాయి. వంట గిన్నెలు, బియ్యం, నడవలేని ముసలాళ్ళు, అన్నీ నా జీపులోనే. ఆ ఒక్కరోజు నేను లేకపోతే పని నడవదు. మిగిలిన ఏడాదంతా నేను లేకపోయినా నడుస్తుంది. అందుకే ఆ రోజు నాకు ముఖ్యం.

మోత వేసవిలో బండి సర్వీసింగు చేయించుకుని వచ్చాక మొదలైంది. మోత అంటే గోల కాదు. రోడ్డు మీద వేగం అందుకున్నాక కాళ్ళ కింద నుంచి ఒక గుమ్మనే ధ్వని, పెద్ద తిరగలి దూరంగా తిరుగుతున్నట్టు. ఎత్తు ఎక్కుతూ ఆగి కదిలితే మాత్రం వణుకు. బండి వెన్నులో చలి పుట్టినట్టు వణికి, రెండు బారలు కదిలాక సర్దుకునేది. అది కూడా వెనక మనుషులుంటేనే. నేనొక్కణ్ణే వెళ్తే ఏమీ తెలిసేది కాదు.

నేను ఊరికే కూర్చోలేదు, వెనక బరువు వేసుకుని ఒక్కోటీ చూశాను. బండి నిలబెట్టి ఇంజను ఎంత రేజు చేసినా మోత లేదు, కాబట్టి ఇంజనుది కాదు. వేగంలో ఉండగా గేరు న్యూట్రల్ చేస్తే ఇంజను నెమ్మదించింది గాని మోత చక్రాలతో పాటే సాగింది, కాబట్టి గేరుబాక్సు తర్వాత ఎక్కడో ఉంది. ఎడమకి తిప్పినా కుడికి తిప్పినా మారలేదు, చక్రాల బేరింగులు కావు. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించినా అదే వరస. ఇంక మిగిలింది వెనక ఇరుసు మధ్య గుండు, అదే డిఫరెన్షియల్, అనుకున్నాను. సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి అదే చెప్పాను. వాళ్ళు విప్పి ఆయిలు తీశారు. ఆయిలు శుభ్రంగా ఉంది, ఇనప పొడి లేదు. నా మాట ఒకటి తప్పింది. అంతే, అప్పటి నుంచి నేను నోరు తెరిస్తే వాళ్ళలో వాళ్ళు చూసుకోవడమే.

ఆ సర్వీస్ సెంటర్ చకర్‌భాటా దారిలో ఉంది. అక్కడ రోడ్డు బల్లపరుపు. కస్టమర్లతో మాట్లాడటానికి మెడలో పట్టీతో ఒక అడ్వైజరు ఉంటాడు. అతను హిందీలో అన్నది తెలుగులో రాస్తున్నాను.

"అంకుల్‌జీ, నడిపి చూశాం. బండి వెన్నలా పోతోంది."

"ఎంతమంది ఎక్కారు?"

"నేనొక్కణ్ణే."

"ఒక్కడివైతే వెన్నలానే పోతుంది. వెనక మనుషుల్ని ఎక్కించి, ఓవర్‌బ్రిడ్జి మధ్యలో ఆపి కదిలించు."

"అంతమంది మనుషులు నా దగ్గర ఎక్కడున్నారు అంకుల్‌జీ?"

"నేను తెస్తాను" అన్నాను.

తెచ్చాను. మా తెలుగు సంఘంలో రిటైరైన పెద్దలని జీపు నిండా ఎక్కించుకుని వెళ్ళాను. ఎక్కడికని అడక్కుండానే ఎక్కేశారు, టిఫిను ఉంటుందని ఎవరో పుట్టించారు. ఓవర్‌బ్రిడ్జి మీద బండి వణికినప్పుడు నేను వెనక్కి తిరిగి, "తెలిసిందా?" అన్నాను.

"తెలిసింది బాబూ. ఇంతకీ ఏటి, మనల్ని తూకానికి తెచ్చినావా?" అన్నాడొకాయన, నాతోపాటు గార్డుగా చేసినవాడు.

"అవును. మీరే లోడు."

"అలగైతే నన్ను సగమే లెక్కెట్టుకో. షుగరొచ్చి ఖాళీ వ్యాగనైపోనాను."

సర్వీస్ సెంటర్ గేటు దగ్గర మమ్మల్ని ఆపేశారు. అడ్వైజరు బయటికి వచ్చి, వరసగా దిగుతున్న ముసలాళ్ళని, వాళ్ళ చేతికర్రలని, నీళ్ళ సీసాలని చూసి, "ఏంటి అంకుల్‌జీ, పెళ్ళి బారాత్ తెచ్చారా?" అన్నాడు. లోపల పనివాళ్ళు నవ్వారు. నాకు బాధ వాళ్ళు నవ్వినందుకు కాదు. మావాళ్ళూ నవ్వారు.

"కస్టమర్లని ఎక్కించుకుని టెస్టు డ్రైవు చేయకూడదు, కంపెనీ రూలు" అన్నాడు తర్వాత. రూలంటే నాకు గౌరవం. రూలు పుస్తకం తిని బతికినవాణ్ణి. కానీ జబ్బు కనిపించకుండా చూడమని చెప్పే రూలు నేనెక్కడా చదవలేదు. ఆ మాటే కాస్త గట్టిగా అన్నాను. నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చి, నా కొడుక్కి ఫోను చేశారు. తర్వాత జరిగింది మొదట్లోనే రాశాను.

మా అబ్బాయి ఇక్కడే బొగ్గు కంపెనీ ఆఫీసులో పని చేస్తాడు. రాజ్‌కిశోర్ నగర్‌లో అందరం కలిసే ఉంటాం. మంచివాడే. మంచివాడు కాబట్టే వాదించడం కష్టం.

"నాన్నా, వాళ్ళకి రోజూ యహీ కామ్ హై. వాళ్ళకి తెలీదా?"

"నువ్వు నడిపి చూశావా?"

"చూశాను. సబ్ ఠీక్."

"ఒక్కడివే?"

"మరి? ఆఫీసుకి బారాత్‌తో వెళ్తానా?"

ఆ మాట అప్పుడే ఇంటిదాకా వచ్చేసిందన్నమాట.

మా ఆవిడ వంటింట్లోంచి అంది, "ఏటండీ, గుంటడు సెప్తే ఇనరేటి? కాలు వణుకుతున్నాదేమో, ఒకసారి సూపించుకుంటే ఏటి పోద్ది?"

"నువ్వు కూడా జీపులో కూర్చున్నావు కదా, వణుకు తెలీలేదా నీకు?"

"జీపంటే వణుకుతాది. వణక్కపోతే కారంటారు."

కాలు చూపించారు, చెవులు కూడా చూపించారు. చెవుల డాక్టరు గాజు గదిలో కూర్చోబెట్టి, సన్న చప్పుళ్ళు వినిపించి, "వయసుకి తగ్గట్టు బాగానే ఉన్నాయి" అన్నాడు. నేను "బాగానే ఉన్నాయి" అన్నది విన్నాను. నా కొడుకు "వయసుకి తగ్గట్టు" అన్నది విన్నాడు. మరి ఎవరి చెవులు ఎలా వింటున్నట్టు?

కార్తీక మాసం వచ్చేసింది. వనభోజనాలకి ఈసారి టెంపో మాట్లాడుకుంటామని సంఘం నుంచి మా అబ్బాయికి ఫోను వచ్చింది. నాకు కాదు. నువ్వు కూడా టెంపోలోనే రా నాన్నా, వెనక సీటు ఖాళీగానే ఉంటుందన్నాడు వాడు. వెనక సీటు!

మా బావమరిది, మా ఆవిడ తమ్ముడు, రైల్వే షెడ్డులో పెయింటరుగా చేసి రిటైరయ్యాడు. మా అబ్బాయికి మేనమామ మీద గురి. "మామయ్య నడిపితే పర్లేదు" అని, బావమరిది అడగ్గానే తాళం ఇచ్చాడు, బ్యాటరీ దిగిపోకుండా అటూ ఇటూ తిప్పి తెస్తానంటే. నా బండి తాళం నా కళ్ళముందే ఇంకొకడి చేతికి ఇచ్చాడు. సరే, ఒళ్ళు మండినా ఊరుకున్నాను, తాళం బీరువాలోంచి బయటికైతే వచ్చింది.

సంఘం వంట గిన్నెలు మా ఇంట్లోనే ఉంటాయి. వాటిలో ఇసక బస్తాలు పెట్టి జీపు వెనక ఎక్కించాం. బావమరిది నడుపుతున్నాడు. నేను వెనక, గిన్నెల మధ్య, కింద రేకు మీద చతికిలబడ్డాను. మళ్ళీ గార్డునే అయ్యాను. కానీ ఒక సంగతి చెప్పాలి. అంతకాలం డ్రైవరు సీట్లో కూర్చుని విన్నప్పుడు మోత ఎక్కడో కింద అని మాత్రమే తెలిసేది. తోకలో కూర్చోగానే అది సరిగ్గా నా అరచేతి కింద, బండి నడుమున పొడవునా పోతున్నట్టు తెలిసింది.

షెడ్డుల్లో ఒక పద్ధతి ఉంది. రైలింజనులో మోటార్లు చాలా ఉంటాయి. ఏది ఇబ్బంది పెడుతోందో తెలీకపోతే ఒకదాన్ని పక్కన పెట్టి మిగతావాటితో లాగించి చూస్తారు. బావమరిది రంగులేసినవాడే అయినా ఆ పద్ధతి చూస్తూ పెరిగినవాడు. మా జీపులో గేరుబాక్సు నుంచి ముందు ఇరుసుకొక ఇనప కడ్డీ, వెనక ఇరుసుకొక ఇనప కడ్డీ వెళ్తాయి. షాఫ్టులంటారు. ఇంజను తిప్పింది చక్రాలదాకా మోసుకెళ్ళేవి అవే. వెనక షాఫ్టు విప్పేసి, నాలుగు చక్రాల లివరు వేస్తే, బండి ముందు చక్రాలతో మాత్రమే నడుస్తుంది.

లారీలు కడిగే గుంట మీద జీపు పెట్టి, వాడు కిందకి దిగి వెనక షాఫ్టు బోల్టులు తీశాడు.

"బావా, వెనక కాళ్ళు ఇరిసేసి ముందు కాళ్ళతో నడమంటే ఎక్కుతాదేటి?"

"మెల్లగా ఎక్కుతుంది. పద."

అదే బరువు, అదే ఓవర్‌బ్రిడ్జి. మధ్యలో ఆపి కదిలించాడు. బండి ముక్కుతూ ఎక్కింది. వణుకు లేదు. కింద గుమ్మనే ధ్వని లేదు. నా అరచేతికి రోడ్డు తప్ప ఏమీ తగల్లేదు.

"ఏటి బావా, పలకవు?"

"బండి పలకడం లేదు కదా, అదే వింటున్నాను."

రోగం ఇరుసుది కాదు, గేరుబాక్సుది కాదు. విప్పి పక్కన పడేసిన ఆ కడ్డీది. గుంట దగ్గరికి తిరిగి వచ్చి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అది ఒక్క ముక్క కాదు, రెండు. ఒకదానిలో ఒకటి దూరేలా పళ్ళు కోసి ఉంటాయి. రెండు చివర్లా, బండి ఎగిరినప్పుడు వంగేందుకు, క్రాసులనే కీళ్ళుంటాయి. ఆ రెండు క్రాసులూ ఒకే వరసలో ఉండాలి. ఒక పన్ను తేడాగా దూర్చినా ఒక చివర తోస్తుంటే రెండో చివర గుంజుతుంది. ఖాళీ బండిలో అది బయటపడదు. బరువుతో ఎత్తు ఎక్కమన్నప్పుడు పడుతుంది. తేడా రాకూడదనే తయారుచేసినవాడు రెండు ముక్కల మీదా చెరో బాణం గుర్తు కొట్టి ఉంచుతాడు. ఇదంతా నేను రిటైరయ్యాక, బండి కొన్నాక, నాకు నేను చదువుకున్నదే. కానీ ఆ బాణాలు వెతికితే కనపడలేదు. కడ్డీ అంతా దళసరి నల్ల రంగు, నున్నగా, ఎంతో శ్రద్ధగా.

"ఒరే, దీనికి రంగు ఎవడేశాడు?"

"ఇంకెవడు, నేనే. నిరుడు విశ్వకర్మ పూజకి. మర్సిపోనావేటి?"

మర్చిపోలేదు. షెడ్డులో విశ్వకర్మ పూజంటే యంత్రాలన్నీ కడిగి, రంగులేసి, పసుపూ కుంకుమా పెడతారు. పెద్దాఫీసరు తనిఖీ ఉంటే పట్టాల పక్క రాళ్ళకి కూడా సున్నం కొడతారు. తుప్పు కనిపిస్తే అవమానం. మా బావమరిది బతుకంతా ఆ పనే. నిరుడు పూజకి జీపు కిందకి దూరి, మిగిలిపోయిన నల్ల రంగుతో కనిపించిన ప్రతి ఇనప ముక్కకీ రెండు కోట్లు వేశాడు. కాలనీవాళ్ళు వంగి వంగి చూసి మెచ్చుకున్నారు.

"కింద తుప్పుంటే అపచారం గాదేటి?" అన్నాడు, నా మొహం చూసి.

కిరసనాయిలు పోసి, ఇనప బ్రష్షుతో గీకాం. గీకుతుంటే వాడికి ప్రాణం పోతున్నట్టుంది. ముందు ఒక బాణం బయటపడింది. రెండోది దానికి ఎదురుగా ఉండాల్సినచోట లేదు. ఇంకా గీకితే, పక్కకి తిరిగి, ఇంకెవరినో చూస్తున్నట్టు కనిపించింది.

అప్పుడు అంతా కలిసింది. వేసవి సర్వీసింగులో ఆ షాఫ్టు విప్పి క్రాసు మార్చినట్టు బిల్లులో ఉంది. మళ్ళీ దూర్చేటప్పుడు రంగు కింద బాణాలు కనపడలేదు. కనపడకపోతే గీకి చూడాలి. అదీ బద్ధకమైతే రెండు చివర్లూ ఒకే వరసలో ఉన్నాయా లేవా అని కంటితో చూస్తే చాలు. ఏదీ చేయలేదు. దొరికిన పంట్లో దూర్చి బిగించేశారు. ఆ తర్వాత మోత నా చెవుల్లో ఉందన్నారు.

ముక్కలు లాగి, బాణాలు ఎదురెదురుగా పెట్టి దూర్చి, బిగించాం. అవే ఇసక బస్తాలు, అదే ఓవర్‌బ్రిడ్జి. నేను మళ్ళీ వెనకే కూర్చున్నాను, పంతానికి. బండి కదిలింది. కదిలిన సంగతి పక్కన పోయే సైకిళ్ళని చూస్తేనే తెలిసింది.

"బావా, మన రంగు సంగతి అక్కకి సెప్పకు. నీకు దండమెడతాను" అన్నాడు బావమరిది, అద్దంలోంచి నన్ను చూస్తూ.

చెప్పలేదు. కొడుక్కి మాత్రం మిగతాదంతా చెప్పాను. వాడు ఫోను చూసుకుంటూ విన్నాడు.

"అచ్ఛా. ఠీక్ హై నాన్నా. వాళ్ళని ఒకసారి చూడమందాం. బండి బాగుందని వాళ్ళు రాసిస్తే తాళం నీకే."

"బాగుందని కాదు. బాగోలేదు, మేమే తప్పుగా బిగించాం, పెద్దాయన విన్నది నిజమే, అని రాయాలి."

"నాన్నా, నీకు తాళం కావాలా, మాఫీ కావాలా?"

"రెండూ కావాలి."

"రెండూ ఎవరిస్తారు నాన్నా ఈ రోజుల్లో!"

సర్వీస్ సెంటర్‌కి పంపే ఫిర్యాదు హిందీలో నేను చెప్పాను, మా అబ్బాయి ఫోనులో కొట్టాడు. నేను చెప్పిన దానిలో సగం, "ఇది వద్దు నాన్నా, గొడవలా ఉంది" అని తీసేస్తూ కొట్టాడు. అయినా అడగాల్సినవి అడిగాను. విప్పినవాడు గుర్తులు ఎందుకు చూసుకోలేదు? బరువుతో చూడమంటే ఎందుకు చూడలేదు? బండి గురించి నేను చెబితే, నా గురించి నా కొడుక్కి ఎందుకు చెప్పారు? పక్కకి తిరిగిన బాణం ఫొటో కూడా పంపించాం. వాళ్ళ మనిషి ఒకడు ఇంటికొచ్చి జీపు తీసుకెళ్ళాడు. ఒక్కడే నడుపుకుంటూ పోయాడు, ఒక్కడే నడుపుకుంటూ తెచ్చాడు. బరువు ఎక్కించావా అని అడిగితే నవ్వాడు. తర్వాత ఫోనుకి జవాబు లేదు. రోజూ నేను అడగడం, మా అబ్బాయి "నహీఁ ఆయా" అనడం.

వనభోజనాలకి ముందురోజు పొద్దున్న గిన్నెలు తోముతున్న మా ఆవిడ పక్కనుంచి మా అబ్బాయి వచ్చి జీపు తాళం నా అరచేతిలో పెట్టాడు. టెంపో వద్దని చెప్పేశానన్నాడు. ఆ తాళం పట్టుకుని నేను సంతోషపడే లోపలే, జవాబొచ్చిందని ఫోను చేతిలోకి తీసుకుని చదివాడు. హిందీలో ఉన్నదాన్ని ఒక్క మాట కూడా మార్చకుండా తెలుగులో రాస్తున్నాను:

"మాన్య మహోదయా, మీ ఫిర్యాదు మీద వాహనాన్ని పూర్తిగా పరీక్షించాం. అందులో ఎలాంటి మోతా లేదు, ఎలాంటి వణుకూ లేదు. మొదటి నుంచీ మేము మీకు మనవి చేస్తున్నది ఇదే."